ఎవరి పోలిక?

తెలుగువారి యింట బిడ్డ పుట్టినదనగానే చూడవచ్చినవారు మొట్టమొదట అడుగు ప్రశ్న ఒకటున్నది: "ఎవరి పోలిక?" ముక్కు తాతగారిది, నుదురు మేనత్తది, నవ్వు తల్లిది అని పంచిపెట్టుకొని సంతోషింతురు. ఈ పంపకములో ఎవరికిని నష్టము లేదు. బిడ్డ మనదే అని అందరును చెప్పుకొనుటకు అది యొక మర్యాద. కాని తల్లి యొక జాతికిని, తండ్రి వేరొక జాతికిని చెందిన యింటిలో ఈ ప్రశ్నకు వేరు బరువు వచ్చును. అక్కడ పోలిక యన్నమాట ముక్కు దగ్గర ఆగదు, రంగు దగ్గరకు పోవును. ఆ యింట ఇద్దరు ఆడపిల్లలుండి, ఒకతె ఒక చాయగాను, రెండవది మరియొక చాయగాను ఉన్నచో, ఆ మాట వారిద్దరి మధ్యకు వచ్చి కూర్చుండును. దానిని అక్కడనుండి ఎట్లు లేపి పంపవలెనన్నదే నేటి ప్రసంగమునకు విషయము.

మేమీ మాటలు పుస్తకములు చూచి మాత్రమే చెప్పుటలేదు. మా పుట్టిల్లు తెనాలి ప్రాంతము. మావారు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున, నల్లజాతి కుటుంబములో పుట్టి పెరిగినవారు. మా కాపురము హ్యూస్టన్ నగరములో. మాకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దదానికి ఎనిమిదేండ్లు, చిన్నదానికి అయిదు. పెద్దది గోధుమవన్నె, దాని జుట్టు అలలు అలలుగా నడుమువరకు జారును. చిన్నది తండ్రి చాయ. దాని జుట్టు చిన్న చిన్న చుట్టలుగా తలనంటియుండును. తల్లి ఒకతె, తండ్రి ఒకడు, ఇల్లు ఒకటి. వన్నెలు మాత్రము రెండు.

ఇట్టి యిండ్లను అమెరికా చట్టము అంతటను అంగీకరించి ఎంతో కాలము కాలేదు. వర్జీనియా రాష్ట్రమునకు చెందిన రిచర్డ్ లవింగ్, మిల్డ్రెడ్ అను ఇరువురు 1958లో వాషింగ్టన్ నగరమునకు పోయి వివాహము చేసికొని స్వగ్రామమునకు తిరిగివచ్చిరి. ఆయన తెల్లజాతివాడు, ఆమె కాదు. అదియే నేరమైనది. 1959లో న్యాయస్థానము వారికి ఏడాది శిక్ష విధించి, 25 సంవత్సరములపాటు ఆ రాష్ట్రమును విడిచిపోవుదురేని శిక్షను నిలిపివేయుదుమన్నది. ఆ దంపతుల వ్యాజ్యము పైపైకి పోగా, 1967 జూన్ 12వ తేదీన అమెరికా సుప్రీంకోర్టు అట్టి నిషేధములు రాజ్యాంగమునకు విరుద్ధములని తీర్పు చెప్పినది. అప్పటికి 16 రాష్ట్రములలో ఈ నిషేధములు అమలులో నుండెను. టెక్సాస్ వానిలో ఒకటి. మా అత్తగారు అప్పటికి బడికి పోవు పిల్ల. అనగా, నేడు మా యింటి వంటగదిలో కూర్చుండి మనుమరాలికి జడలల్లు ఆమె బాల్యములో, తెల్లజాతివారును నల్లజాతివారును ఆ రాష్ట్రమున చట్టసమ్మతముగా పెండ్లియాడుటకు వీలు లేకుండెను.

నేడు ఇట్టి కుటుంబములు అరుదు కావు. ఒకటికంటె ఎక్కువ జాతులను గుర్తించుకొను అవకాశము అక్కడి జనాభా లెక్కలలో మొదటిసారి 2000 సంవత్సరమున వచ్చినది. 2020 లెక్కలలో 3 కోట్ల 38 లక్షలమంది అట్లు గుర్తించుకొనిరి. నూటికి పదిమందికి పైమాటే. ప్రశ్న అడుగు తీరును, జవాబులు లెక్కించు తీరును మారుటయు ఈ పెరుగుదలకు కొంత కారణమని చెప్పుదురు. ఏమైనను, మన శ్రోతలలో ఎందరో కొడుకులను కూతుళ్ళను విదేశములకు పంపినవారు. ఒక మనుమడో, మేనకోడలో, ఇరుగుపొరుగువారి బిడ్డయో ఇట్టి యింట పెరుగుచుండవచ్చును. కనుక ఇది మా యొక్క యింటి గొడవ మాత్రమే కాదు.

ఒకే తల్లి బిడ్డలు రెండు రంగులుగా నుండుటలో వింత యేమియు లేదు. చర్మపు రంగును నిర్ణయించునది ఒక్క జన్యువు కాదు, పెక్కు జన్యువులు కలిసి నిర్ణయించును. తల్లి దగ్గరనుండి కొన్ని, తండ్రి దగ్గరనుండి కొన్ని ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క తీరున వచ్చి చేరును. వానిలో ముఖ్యమైన దానినొకదానిని శాస్త్రజ్ఞులు 2005లో జీబ్రాచేపలను పరిశీలించుచు గుర్తించిరి. చాయను పలుచన చేయు దాని రూపము ఐరోపావారిలోనే కాక మన దక్షిణాసియా వారిలోను విరివిగా కనబడుచున్నది. తెలుగునాట ఒకే తల్లి కడుపున ఒకడు పచ్చగాను, వేరొకడు నల్లగాను పుట్టుటకు గల కారణమును, మా యింట జరిగినదానికి గల కారణమును ఒక్కటే. మా పెద్దపిల్లకు ఈ సంగతిని దాని వయసుకు తగినట్లు చెప్పితిమి: "పెట్టెలో రంగురంగుల పూసలున్నాయి. నీకోసం ఒక పిడికెడు తీశాము. చెల్లికోసం ఇంకో పిడికెడు తీశాము. పెట్టె ఒక్కటే."

ఇక నిత్యజీవితమునకు వత్తము. వీధిలోనికి పోయినప్పుడు జరుగునది చెప్పెదము. చిన్నదాని చేయి పట్టుకొని మేము అంగడికి పోయినచో, "ఈ పిల్ల మీదేనా?" అని అడుగువారు తగులుదురు. పెద్దదాని చేయి పట్టుకొని మావారు పోయినచో, ఆయనను అదే ప్రశ్న, కొంచెము కటువుగా, అడుగువారు తగులుదురు. పిల్లలు విందురు. అందుచేత జవాబు అడిగినవారికోసము కాక, వినుచున్న బిడ్డకోసము చెప్పవలెను. "అవును, మా అమ్మాయి" అని నవ్వుచు చెప్పి ఊరకుందుము. తండ్రి ఎవరు, ఏ దేశము, రంగు ఎట్లు వచ్చినది అను వివరము చెప్పబోము. వివరించినకొలది, తాను వివరణ కావలసిన వస్తువునని బిడ్డకు తోచును.

ఇంటిలోని పనులలో జుట్టు సంగతి చాల పెద్దది. పెద్దదానికి మన తెలుగు పద్ధతియే సరిపోవును. నూనె అంటి, సీకాయతో తలంటిపోసి, ఆరినపిమ్మట దువ్వి జడవేయుట. చుట్టలు తిరిగిన జుట్టుకు ఈ పద్ధతి పనికిరాదు. తలనుండి పుట్టు సహజమైన నూనె, వంకరలు తిరిగిన వెంట్రుక పొడవునను చివరివరకు జారలేదు. అందుచేత అట్టి జుట్టు త్వరగా పొడిబారును. దానిని మాటిమాటికి కడుగరాదు. పొడిగా నున్నప్పుడు దువ్వరాదు. వారమున కొకసారి కడిగి, తడిగా నున్నప్పుడే మెత్తబరచు లేపనము పట్టించి, నాలుగు పాయలుగా విడదీసి, వెడల్పు పండ్ల దువ్వెనతో చివరలనుండి పైకి చిక్కు తీయవలెను. పిమ్మట సన్నని జడలుగా అల్లి, రాత్రివేళ నూలు దిండు ఒరిపిడి తగులకుండ నున్నని శాటిను టోపీ పెట్టవలెను. ఇదంతయు మా అత్తగారు చిన్నది పుట్టకమునుపే మాకు నేర్పిరి. మావారు పెద్దదానికి మూడుపాయల జడ వేయుట మా అమ్మగారివద్ద నేర్చిరి.

శనివారము ఉదయము చిన్నదాని తలకు రెండు గంటలు పట్టును. పెద్దదాని జడకు పావుగంట చాలును. "దానికి మాత్రం అంతసేపా?" అని పెద్దది అలుగును. ఆడపిల్లకు తల్లి ఒడిలో తల పెట్టుకొని కూర్చున్న సమయము ప్రేమకు కొలత. కనుక పెద్దదానిని పక్కన కూర్చుండబెట్టి, చెల్లెలి జడల చివరలకు కట్టు పూసలను ఎన్నుకొను పని అప్పగించితిమి. ఆ రెండు గంటలును కథలు నడచును. తెనాలి రామకృష్ణుని కథలు మావి; కుందేలు ఎలుగుబంటిని మోసగించు కథలు మా అత్తగారివి.

ఇచ్చట ఒక మాట. చుట్టలు తిరిగిన జుట్టును చూచి మనవారు అలవాటుగా "చింపిరి జుట్టు" అందురు. మా యింట ఆ మాట నిషేధము. ఇది సుకుమారపు పట్టింపు కాదు. ఆ దేశములో ఇట్టి జుట్టును సహజముగా ఉంచుకొన్నందుకు, జడలుగా అల్లుకొన్నందుకు పిల్లలను బడినుండి ఇంటికి పంపిన సందర్భములు కలవు. అట్టి వివక్షను వారించుటకు 2019లో కాలిఫోర్నియా రాష్ట్రము మొట్టమొదట చట్టము చేసినది. టెక్సాస్‌లో అట్టి చట్టము 2023 సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. బడికి వెలుపల చట్టము కాపాడుచుండగా, ఇంటిలోపల మన నోరు కాపాడకున్న ఏమి లాభము?

బొమ్మలును, రంగుబలపములును చిన్న విషయములుగా తోచును. క్రేయోలా అను పేరుగల రంగుబలపముల పెట్టెలో లేత గులాబి చాయగల బలపమొకదానికి 1962 వరకు "ఫ్లెష్", అనగా ఒంటిరంగు, అని పేరుండెను. ఎవరి ఒంటిరంగు? ఆ యేట దాని పేరు "పీచ్" అని మార్చిరి. 2020లో ఆ సంస్థయే మనుష్యుల చర్మపు చాయలకు సరిపోవు 24 బలపముల పెట్టెను వెలువరించినది. మా చిన్నది కుటుంబము బొమ్మ గీయవలెనన్నచో నాలుగు బలపములు కావలెను. పెట్టెలో నాలుగును దొరకును. బిడ్డ అడుగనక్కరలేకుండ దొరకుటయే అందులోని మేలు.

కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులైన దంపతులు 1940 ప్రాంతమున ఒక పరీక్ష జరిపిరి. మూడేండ్లు మొదలు ఏడేండ్లవరకు వయసుగల నల్లజాతి పిల్లలముందు, రంగు తప్ప అన్నివిధముల ఒకేతీరుగా నున్న బొమ్మలు పెట్టి, "మంచి బొమ్మ ఏది?" అని అడిగిరి. ఎక్కువమంది తెల్లబొమ్మను చూపిరి. 1954లో బడులలో జాతుల వేర్పాటును కొట్టివేసిన సుప్రీంకోర్టు తీర్పులో వారి పరిశోధన ప్రస్తావనకు వచ్చినది. అయిదేండ్ల బిడ్డకు రంగుల తారతమ్యము తెలియదనుకొనుట పెద్దల భ్రమ. ఆ బొమ్మల పరీక్షను మన తెలుగునాట పెట్టినచో ఫలితము వేరుగా నుండునని మనము ధైర్యముగా చెప్పగలమా?

చెప్పలేము. మన దేవుళ్ళు నల్లనివారు. రాముడు నీలమేఘశ్యాముడు. ద్రౌపదికి కృష్ణ యని పేరు. మన నేలను తడుపు నదికిని నలుపు అర్థము వచ్చు పేరే. "నలుపు నారాయణ మెచ్చు" అను సామెతయు మనదే. అయినను పెండ్లిచూపులకు పోయివచ్చి, "నలుపైనా కళగల ముఖం" అందురు. ఆ "అయినా" అన్న మాటను మెల్లగా విప్పి చూడుడు. కళ యుండుటకు నలుపు అడ్డమని, అడ్డమున్నను దాటి వచ్చినదని దాని భావము. మెచ్చుకోలులోనే దెబ్బ యున్నది. చర్మమును తెలుపు చేయునని 1975 నుండి మన దేశమున అమ్ముచు వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ లేపనము 2020లో తన పేరు మార్చుకొన్నది. పేరు మార్చుట సంస్థకు ఒక్కనాటి పని. నాలుకకు అంత త్వరగా చేతగాదు.

ఇక మా యింట జరిగిన దానిని చెప్పెదము. ఒకనాడు వీడియో పిలుపులో మా పిన్నిగారు పిల్లలిద్దరిని చూచి ముచ్చటపడి, "పెద్దది ఎర్రగా నీ పోలికే వచ్చిందమ్మా. చిన్నది, పాపం, వాళ్ళ నాన్న పోలిక" అనిరి. ఆమె మనస్సులో విషము లేదు. మాట అలవాటుగా జారినది. ఆ రాత్రి చిన్నది దుప్పటిలోనుండి అడిగినది: "అమ్మా, దెబ్బ తగిలినవాళ్ళనే కదా పాపం అంటారు? నాకు ఎక్కడ తగిలింది?"

శ్రోతలారా, ఈ ప్రశ్నకు తర్కము పనికిరాదు. "లేదు తల్లీ, నీకెక్కడా దెబ్బ తగల్లేదు. ఆ మాట అక్కడ వాడకూడదు. చిన్నమ్మమ్మకు అమ్మ చెప్తుంది" అంటిమి. పక్కమంచముపైనుండి పెద్దది, "చెల్లి పెద్దయితే నాలాగ అవుతుందా?" అన్నది. అప్పుడు మాకు తేటపడినదేమనగా, ఆ మాట తగిలినది ఒక్కదానికి కాదు. చిన్నదానికి తనయందు కొరత యున్నదని చెప్పినది. పెద్దదానికి చెల్లెలియందు కొరత యున్నదని చెప్పినది. రెండవదియు గాయమే. అక్క కంటిలో చెల్లెలు తక్కువ యగుటకంటె యింటికి కావలసిన నష్టమేమున్నది?

మరునాడు పిన్నిగారికి ఫోను చేసి, "పిన్నీ, మీరు ప్రేమతోనే అన్నారని తెలుసు. కాని పిల్లకు తెలుగు బాగా అర్థమవుతుంది. దాన్ని పాపం అనకండి" అని చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. తరువాత, "నన్నూ చిన్నప్పుడు అందరూ అలాగే అనేవారే" అనిరి. ఆమె చామనచాయకంటె ఒక వన్నె తక్కువ అని మాకు అప్పుడు జ్ఞాపకమునకు వచ్చినది. తాను పడిన మాటనే ఆమె, బరువెరుగకయే, మరియొక బిడ్డకు అందించినది. మాటలు తరములు దాటు విధము ఇట్టిది. ఎవరో ఒకరు నడుమ నిలిచి అందుకొనుట మానవలెను.

తల్లి తనది కాని చరిత్రను నేర్చుకొనవలసి వచ్చుట ఇట్టి సంసారములోని మరియొక ధర్మము. దీనికి మంచి ఉదాహరణము శ్యామలా గోపాలన్ జీవితము. మద్రాసులో పుట్టిన ఆమె 1958లో, పందొమ్మిదవ యేట, కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమునకు పోయి, తరువాత రొమ్ము కాన్సరు పరిశోధనలో పేరు గాంచినది. జమైకానుండి వచ్చిన డొనాల్డ్ హారిస్‌ను వివాహమాడినది. వారి పెద్దకూతురు కమల 1964లోను, చిన్నకూతురు మాయ 1967లోను జన్మించిరి. లోకము ఈ పిల్లలను నల్లజాతి పిల్లలుగా చూచునని తల్లి ఎరిగి, ఆ పేరుతోనే ధీమాగా తలయెత్తి నిలుచునట్లు పెంచినదని కమల తన 2019 నాటి పుస్తకములో చెప్పినది. నల్లజాతివారి చర్చికిని పంపినది, దేవాలయమునకును తీసికొనిపోయినది. మద్రాసులోని అమ్మమ్మ తాతలవద్దకును తీసికొనివచ్చినది. ఆ కమలా హారిస్ 2021 మొదలు 2025 జనవరి వరకు అమెరికా ఉపాధ్యక్షురాలు. పదవి సంగతి అటుంచుడు. తనకు పుట్టుకతో రాని బరువును బిడ్డలకోసము తల్లి ఎత్తుకొన్నది. అదియే మాకు ముఖ్యము.

బిడ్డలను భిన్నములుగా కోయరాదని మా నియమము. "సగం తెలుగు, సగం అమెరికా" అని మా పిల్లలనుగూర్చి ఎవరైన అన్నచో, "సగం కాదు, రెండూ" అని పెద్దదే దిద్దును. జనవరి 1వ తేదీన మా అత్తగారింట బొబ్బర్లు ఉడికించుదురు. ఆ యేడు కలిసివచ్చునని దక్షిణ రాష్ట్రములవారి నమ్మకము. బొబ్బరి గింజ పుట్టినది ఆఫ్రికాఖండములో. వేలయేండ్ల క్రిందటనే అది మన దేశమునకు వచ్చి మన వడగాను, గుగ్గిళ్ళుగాను మారినది. అదే గింజ ఆఫ్రికానుండి బానిసలుగా కొనిపోబడినవారితో సముద్రము దాటి అమెరికాకు చేరినది. ఆనాడు మా పొయ్యిమీద ఒకవైపు బొబ్బర్ల వడలు వేగుచుండును, మరియొకవైపు అత్తగారి కుండ ఉడుకుచుండును. పిల్లలు రెండును తిందురు. ఇది సగము, అది సగము అని వారు లెక్కవేయరు.

ముగించుటకు ముందు, ఇట్టి పిల్లలున్న ఇండ్లకు పోవు అమ్మమ్మలకు, తాతగార్లకు, పిన్నులకు, బాబాయిలకు మా మనవి మూడు మాటలలో చెప్పెదము. ఒక బిడ్డ రంగును రెండవ బిడ్డయెదుట పొగడవద్దు. పొగడవలసి వచ్చినచో చేసిన పనిని పొగడుడు. చదివిన పద్యమునో, గీసిన బొమ్మనో, చెల్లెలికి పెట్టిన పూసనో పొగడుడు. రెండవది, ఆ యింటి అల్లుడో కోడలో తెలుగు ఎరుగడని, ఎరుగదని తలచి మాట విసరవద్దు. వారు ఎరుగకపోవచ్చును, పిల్లలు ఎరుగుదురు. మూడవది, ఆ యింటి అవతలి బంధువులను పేరుపెట్టి, వరుసపెట్టి పిలువుడు. మా అమ్మగారు మా అత్తగారిని "వదినగారూ" అందురు. ఆమెకు ఆ మాట అర్థము చెప్పనక్కరలేకపోయినది. ఇప్పుడామెయు మా అమ్మగారిని "వదినగారూ" అనియే పిలుచును.

పోలికలు వెదకుట మానుడని మేము కోరము. వెదకుడు. మా చిన్నది కోపము వచ్చినప్పుడు కనుబొమలు ముడుచుట అచ్చముగా తెనాలిలోని మా నాన్నగారి వలెనే. పెద్దది పాట విన్నప్పుడు కాలితో తాళము వేయుట దాని నాయనమ్మ వలెనే. రంగు దాటి చూచినవారికి ఇన్ని పోలికలు దొరకును.